ముప్పావు మిల్లీమీటరు

మూత దిగలేదు.

ఆమె అరచేత్తో నొక్కి చూసింది. రెండు బొటనవేళ్లతో నొక్కింది. ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని మోచేత్తో కూడా ఓ పోటు పొడిచింది. మూత డబ్బా అంచుల మీద అటూ ఇటూ ఊగిందే తప్ప లోపలికి దిగనని భీష్మించుకు కూర్చుంది.

ఇది నాలుగో డబ్బా. పొద్దున్నుంచి నాలుగు రేకులు కోశారు, నాలుగూ పాడయ్యాయి. మెరుగు పెట్టిన ఈ రకం రేకులు షాపులో ఉన్నవే ఐదు. కొత్త సరుకు రావడానికి పది రోజులు పడుతుంది. మిగిలింది ఒకే ఒక్క రేకు. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. నాలుగింటికి లిఫ్టుల కంపెనీ నుంచి తనిఖీ మనిషి వచ్చి ఈ కొత్త ఆర్డరులో మొదటి డబ్బా చూసి సరేనంటేనే ఆర్డరు నిలబడుతుంది.

లిఫ్టు ఎక్కి మనం బటన్ నొక్కుతాం కదా, ఆ బటన్ల వెనక గోడలో ఇమిడిపోయి ఉండే డబ్బా ఇది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. ఒక్కరి కంటా పడదు. కానీ ఆ షాపులో సగం మందికి పని పెట్టేది ఇదే. ఇటో గోడ, నడుమ అడుగు, అటో గోడ, ఆ గోడ చివర సన్నటి అంచు. మూడే మూడు మడతలు.

ఆ మడతల డ్రాయింగు నాలుగేళ్లుగా ఆమెదే. అందుకే షాపులో అందరూ ఆమెని డ్రాయింగమ్మ అంటారు. ఆమె కంప్యూటర్లో డబ్బా గీస్తుంది. సాఫ్ట్‌వేరు దాన్ని విప్పి, మడవకముందు రేకు ఎంత పొడవుండాలో చెబుతుంది. లేజరు ఆ కొలతకి కోస్తుంది, బెండింగ్ మిషను మడుస్తుంది. వినడానికి ఇంతే. అయితే రేకుని మడిచినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది. ఎంత సాగుతుందో ముందే లెక్క కట్టడానికి సాఫ్ట్‌వేరుకి ఓ అంకె ఇవ్వాలి. దాన్ని కె ఫ్యాక్టర్ అంటారు. ఆ అంకె తప్పితే వచ్చే తేడా వెంట్రుకవాసే, కానీ మడత మడతకీ అది పోగవుతుంది. ఆఖరికి ఇదుగో, ఇలా మూత దిగదు.

అంకె తప్పే ప్రశ్నే లేదనుకుంది ఆమె. నాలుగేళ్లుగా అదే ఫైలు, అదే అంకె, వేల డబ్బాలు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. తన డ్రాయింగుకి వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదని ఆమె నలుగురిలో అన్న రోజులు కూడా ఉన్నాయి. మరి మొన్నటిదాకా సరిపోయిన లెక్క ఈవేళ ఎందుకు సరిపోదు?

మారిందల్లా మిషను దగ్గరి మనిషి. ముప్ఫై ఏళ్లు ఆ బెండింగ్ మిషను నడిపింది ఆమె నాన్న. షాపులో అందరికీ ఆయన పెద్దాయన. నలభై రోజుల కింద పనికి బయల్దేరుతూ, ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది వేసుకోబోతూ గుమ్మంలోనే ఒరిగిపోయాడు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. మనిషి దక్కాడు, అదే పదివేలు అంది అమ్మ. ఆయన వంచి పేర్చి వెళ్లిన డబ్బాలతో షాపు ఇన్నాళ్లూ గడిపింది. అవి అయిపోవస్తున్నాయనగా, మూడు రోజుల కింద కొత్తాయన చేరాడు. నలభై దాటిన మనిషి. మాట తక్కువ, తుడవడం ఎక్కువ. భుజం మీద ఎప్పుడూ ఓ పసుప్పచ్చ గుడ్డ. మిషను తెర మీద సాఫ్ట్‌వేరు ఏ వరసలో చూపిస్తే ఆ వరసలో, చూపించిన కొలతకి, బడిపిల్లాడిలా మడుస్తాడు.

పొద్దున మూడో రేకు పాడవగానే యజమాని ఒంటికాలి మీద లేచాడు. "ఎవరిది తప్పు? ముందు నాకది తేల్చండి!" అని అరిచాడు. పనివాళ్లందరూ ఆమె వైపు చూశారు. ఆమె తడుముకోలేదు.

"డ్రాయింగు మారలేదు సార్. చెయ్యి మారింది."

కొత్తాయన భుజం మీద గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. యజమాని ఆయనతో, "నాలుగింటికి డబ్బా పాసవకపోతే మీరు వేరే చోటు చూసుకోండి," అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపే ఆమె వైపు తిరిగాడు. "నువ్వూ అంతే. తప్పు మీ ఇద్దరిలో ఒకరిది. ఎవరిదో తేలకపోతే ఇద్దరిదీ."

ఇంట్లో ఇప్పుడు సంపాదించే చెయ్యి ఆమెదొక్కటే.

ఆ తర్వాత రెండు గంటలూ కంప్యూటరు ముందు ఆమె పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. రేకు మందం చూసింది, రెండు మిల్లీమీటర్లే. మడత కోణాలు చూసింది, తొంభైలే. ఫైలు పాత కాపీ తెరిచి కొత్తదాని పక్కన పెట్టి గీత గీతకీ పోల్చింది. ఈక ముక్క తేడా లేదు. మిషను గట్టిగా నొక్కి మడత పదునెక్కుతోందేమో అన్న అనుమానంతో, మడత దగ్గర మూల తిరిగే గుండ్రాన్ని రెండు మిల్లీమీటర్ల నుంచి ఒకటిన్నరకి తగ్గించింది. తెర నిండా ఎర్ర త్రికోణాలు లేచాయి. ఈ మడత విప్పలేను, ఆ మూల కలవట్లేదు, ఇక్కడ రేకు రేకులోకి దూరుతోంది అంటూ సాఫ్ట్‌వేరు ఏకరువు పెట్టింది. ఎక్కడ నొప్పో అన్నీ చెబుతుంది గానీ ఎందుకో ఒక్క ముక్క చెప్పదు, వైద్యుడి దగ్గర చిన్నపిల్లాడిలాగ. ఒక్కో త్రికోణాన్నీ బుజ్జగించి ఆర్పేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

"మిషను రెండు గుండ్రమే ఇస్తోందమ్మా, నేను కొలిచాను," అన్నాడు కొత్తాయన మెల్లిగా.

"నేను చెప్పినట్టు మడవండి చాలు," అంది ఆమె.

అలా పుట్టింది ఈ నాలుగో డబ్బా. ముందు మూడింటికన్నా లావుగా.

పన్నెండున్నరకి ఆమె ఇంటికి బయల్దేరింది. ఇల్లు రెండు వీధుల అవతలే. మధ్యాహ్నం నాన్నకి అన్నం తినిపించేది ఆమే. ఆ గంటైనా అమ్మ నడుం వాలుస్తుందని పెట్టుకున్న ఏర్పాటు. ఈవేళ మానేద్దామనుకుంది, కానీ కుర్చీలో కూర్చుని చేసేది మాత్రం ఏముంది? పాడైన మొదటి డబ్బాని సంచిలో వేసుకుంది. ఎందుకంటే ఆమెకే తెలీదు. దాన్ని వదిలిపెట్టి పోతే ఇంకేదో పాడవుతుందని భయం.

నాన్న కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. నాలుగు ముద్దలు తినిపించేసరికి ఆమెకి ఏడుపు ఆగలేదు. కంచం కింద పెట్టి, డబ్బా తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"చూడు నాన్నా. మూత దిగట్లేదు. అదే ఫైలు, అదే అంకె. నీ చేతిలో వేల డబ్బాలు వచ్చాయి కదా, ఆయన చేతిలో ఒక్కటీ రావట్లేదేం? నాలుగింటికి నన్ను పంపించేస్తారు. ఏం చెయ్యను?"

నాన్న ఎడమచెయ్యి లేచింది. బొటనవేలు డబ్బా చుట్టూ నడవడం మొదలుపెట్టింది. షాపులో ఏ ముక్క చేతికొచ్చినా ఆయన అలాగే తడిమేవాడు. మొదటి గోడ మీదుగా, అడుగు మీదుగా, రెండో గోడ ఎక్కి, చివరి అంచు దగ్గరికొచ్చి ఆగింది. అక్కడే ముందుకీ వెనక్కీ పోయింది. ఆయన తలెత్తి కూతుర్ని చూశాడు. ఆ కళ్లలో భయం చూసి ఆమె హడలిపోయింది. తప్పు చేసి దొరికిపోయిన మనిషి చూపు అది.

ఆయన గోడ బీరువా వైపు వేలు చూపించాడు. ఆమె నీళ్ల సీసా తీసింది, తల అడ్డంగా ఊపాడు. మందుల డబ్బా తీసింది, మళ్లీ అడ్డంగా ఊపాడు. అడుగు అరలో పాతగుడ్డలో చుట్టిన పొడవాటిదేదో తీస్తే "ఆ... ఆ..." అని కుర్చీలోంచి లేవబోయాడు. గుడ్డ విప్పితే ఆకురాయి. ఇనుము రాసే ఆకురాయి, నడుమ పళ్లన్నీ అరిగి నున్నగా అయిపోయింది.

అలికిడికి అమ్మ లేచి వచ్చింది. "దాన్నెందుకు తీశావే? ఆ దిక్కుమాలిన దాన్ని రోజూ సంచిలో పట్టుకెళ్లి, పట్టుకొచ్చేవాడు మీ నాన్న. చొక్కా జేబుల నిండా ఇనుప రజనే. ఎన్ని నీళ్లు పోసి ఉతికినా నా వేళ్లకి గుచ్చుకునేది. నాలుగేళ్లు ఉతకలేక చచ్చాననుకో."

"నాలుగేళ్లా?" అంది ఆమె.

"అంతే. నువ్వు పనిలో చేరావు చూడు, అప్పట్నుంచీ. అంతకుముందు పాతికేళ్లు ఆయన చొక్కా ఇంత మాసేది కాదు."

ఈలోపు నాన్న ఆకురాయి అందుకున్నాడు. డబ్బాని రెండు మోకాళ్ల మధ్య బిగించి, ఎడమచేత్తో చివరి అంచు రాయడం మొదలుపెట్టాడు. రాయి జారిపోతోంది, పళ్లు బిగించి మళ్లీ పెడుతున్నాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన విడిపించుకుని, వేలితో మొదటి గోడ తట్టి ఒకటి చూపించాడు, రెండో గోడ తట్టి రెండు చూపించాడు, ఆఖరున అంచు తట్టి మూడు చూపించాడు. మళ్లీ రాయడం మొదలు.

అప్పుడు ఆమెకి అంతా అర్థమైంది. రేకు మొదట్నుంచీ పొడవే. నాలుగేళ్లుగా పొడవే. ఆమె పనిలో చేరిన మొదటి వారం, కాలేజీలో చెప్పిన అంకె కదా అని సున్నా పాయింట్ అయిదు కొట్టేసి ఊరుకుంది. ఆ మిషను మీద ఆ రేకు ముక్క ఒకటి మడిచి, కొలిచి, అసలు అంకె తెలుసుకోవాలని ఆమెకి తట్టలేదు. మొదటి ముక్క తప్పితే ఇంటికేనని యజమాని ముందే అన్నాడు. పూచీ పడి చేర్పించింది నాన్న. ఆ రోజు మధ్యాహ్నం నాన్న డబ్బా పట్టుకొచ్చి, ఆమె ముందే మూత దించి, తల ఊపి, "నీ డ్రాయింగు పక్కా తల్లీ," అన్నాడు. ఆమె చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది.

పొడవెక్కువైన రేకులో ఆ ఎక్కువ ఎక్కడో ఒకచోట పడాలి. కొత్తాయన తెర చెప్పిన వరసలో ముందు అంచు మడిచి, తర్వాత రెండు వైపులనుంచీ గోడలు లేపుతున్నాడు. ఎక్కువంతా నడుమ అడుగులో పడి డబ్బా లావెక్కుతోంది. నాన్న ఆ వరస పాటించలేదు. మొదటి గోడ మడిచి, దాన్ని ఆనించి కొలిచి రెండో గోడ మడిచి, ఎక్కువంతా ఎవరికీ కనపడని చివరి అంచులోకి నెట్టేవాడు. ఆ మిగులుని ఆకురాయితో రాసేసేవాడు. రోజూ. ఒక్కో డబ్బాకీ. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లినప్పుడు నాన్న మాత్రం మిషను దగ్గరే ఎందుకుండేవాడో ఆమె ఎన్నడూ అడగలేదు.

"ఎందుకు చెప్పలేదు నాన్నా? ఒక్క మాట చెబితే ఆ రోజే దిద్దుకునేదాన్ని కదా!" అని అరిచింది. కోపం వచ్చింది, సిగ్గుతో ఒళ్లు కాలింది, ఆయన మీద పడి ఏడవాలనీ అనిపించింది. ఆయన తల వంచుకుని రాస్తూనే ఉన్నాడు.

షాపుకి తిరిగి వస్తుంటే దారిలో ఓ పాడు ఆలోచన వచ్చింది. వరస తెలిసిపోయింది. కొత్తాయన చెవిలో ఊదితే చాలు, మిగిలిన రేకుతో డబ్బా వస్తుంది. ఇవాళ్టికి అంచు తనే రాస్తుంది. ఆయన ఉద్యోగం నిలబడుతుంది, తన ఉద్యోగం నిలబడుతుంది, నాన్న పరువూ నిలబడుతుంది. మూడో కంటికి తెలియదు. షాపు గుమ్మం దాకా ఆమె అదే అనుకుంది. లోపల కొత్తాయన తన పసుప్పచ్చ గుడ్డని సంచిలో సర్దుకుంటున్నాడు. ఆ చేతులు చూసింది. రేపట్నుంచి ఇనుప రజను ఆ జేబుల్లో పడుతుంది, ఇంకెవరి భార్య వేళ్లకో గుచ్చుకుంటుంది.

ఆమె తిన్నగా యజమాని గదిలోకి వెళ్లింది.

"తప్పు నాది సార్. ఇవాళ్టిది కాదు, నాలుగేళ్లది." అని మొదలుపెట్టి, అంతా చెప్పింది.

యజమాని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ నాన్న నాతో ఒక్క మాటైనా..."

"నాతోనూ అనలేదు సార్."

"సరేలే. ఆయన ఎలా చేసేవాడో తెలిసింది కదా, అలాగే మడిపించు, అంచు రాసెయ్, మూత దించు. వచ్చేవాడికి మన లెక్కలెందుకు? ఉన్నది ఒక్క రేకు. దాని మీద ప్రయోగాలొద్దు."

"అలా చేస్తే ఇక ఎప్పటికీ ఎవరో ఒకరు రాస్తూనే ఉండాలి సార్. నా తప్పుని." ఆమె మిషను వైపు చూపించింది. "చెత్తబుట్టలో పాడైన రేకుల ముక్కలున్నాయి. ఒకటి మడిచి కొలిచి, అంకె మార్చి, అప్పుడు ఈ రేకు కోస్తాను. అదీ పాడైతే నాలుగింటిదాకా కూడా ఉండను. ఇప్పుడే వెళ్లిపోతాను."

యజమాని గడియారం చూశాడు. రెండుంపావు. "కానివ్వు," అన్నాడు, ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టు లేదు ఆయనకే.

పాడైన రేకులోంచి సరిగ్గా నూరు మిల్లీమీటర్ల పట్టీ కోయించింది. సంచి దింపి కొత్తాయన మిషను దగ్గరికొచ్చాడు. పట్టీని మధ్యకి మడిచి ఇచ్చాడు. ఆమె మడిచిన పట్టీ రెండు వైపులనీ వెర్నియర్ కొలబద్దతో బయటినుంచి కొలిచి, ఆ రెండు కొలతలూ కలిపింది. మూల రెండు కొలతల్లోకీ వస్తుంది కాబట్టి ఫైలు లెక్క ప్రకారం నూటమూడుంపావు రావాలి. నూటమూడున్నర వచ్చింది. రేకు మడతకి పావు మిల్లీమీటరు ఎక్కువ సాగుతోంది. మూడు మడతలకి ముప్పావు.

"చేరిన రోజే అడుగుదామనుకున్నానమ్మా, ముక్క మడిచి చూశారా అని," అన్నాడు కొత్తాయన. "పెద్దాయన కూతురు, చూడకుండా ఉంటుందా అని ఊరుకున్నాను."

ఆమె కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి, పొద్దున మార్చిన గుండ్రాన్ని మళ్లీ రెండుకి తెచ్చి, సున్నా పాయింట్ అయిదు చెరిపేసి, సున్నా పాయింట్ నాలుగు రెండు పెట్టింది. ఎర్ర త్రికోణం ఒక్కటి కూడా లేవలేదు. రేకు పొడవు ముప్పావు మిల్లీమీటరు తగ్గింది. నాలుగేళ్లు ఒక మనిషిని నిలబెట్టి తినేసిన తప్పు, తెర మీద ఒక క్షణం పని.

లేజరు కోస్తున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడి చూసింది. పట్టీ అబద్ధం చెప్పి ఉంటే? వెర్నియర్ సరిగా పట్టుకోలేదేమో? కొత్తాయన రేకు తుడిచి, మిషనులో పెట్టి, తెర చెప్పిన వరసలోనే అంచు మడిచాడు, ఒక గోడ లేపాడు, రెండో గోడ లేపాడు. డబ్బాని కూడా తుడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె మూత పెట్టింది. నొక్కడానికి ధైర్యం చాలక చేతులు తీసేసింది. మూత దాని బరువుకి అదే జారి, టక్కున కూర్చుంది.

తనిఖీ మనిషి నాలుగుంపావుకి వచ్చాడు, ఆవలిస్తూ చూశాడు, సంతకం పెట్టాడు, వెళ్లాడు. యజమాని మాత్రం డబ్బాని తిప్పి తిప్పి చూస్తూ, "ఆ పాత అంకెతో ఇంకా ఎన్ని డ్రాయింగులున్నాయి?" అని అడిగాడు.

"నూట డెబ్భై సార్."

"రేపట్నుంచి అన్నీ దిద్దు. ప్రతిదానికీ ముక్క మడిచి చూపించాకే నా దగ్గరికి రా." అంతకు మించి ఏమీ అనలేదు. అనివుంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

వెళ్తూ వెళ్తూ కొత్తాయన దగ్గర ఆగింది. "పొద్దున అందరి ముందూ మిమ్మల్ని అన్నాను. తప్పు నాదే."

ఆయన గుడ్డ దులుపుతూ, "రేపు కూడా అందరూ ఉంటారు కదమ్మా," అన్నాడు.

"ఉంటారు. అందరి ముందూ చెబుతాను," అంది ఆమె.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. అమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "నువ్వెళ్లిన దగ్గర్నుంచీ ఆపలేదే. లాక్కుంటే గుడ్లురిమాడు. వేళ్లు చూడు ఎలా కమిలిపోయాయో."

నాన్న అదే కుర్చీలో ఉన్నాడు. మోకాళ్ల మధ్య అదే పాడైన డబ్బా. ఒళ్లంతా బూడిదరంగు రజను. ఆ డబ్బాకి ఆ రాపిడి వల్ల ఒరిగేదేమీ లేదు, లావంతా నడుమ ఉంది. ఆ సంగతి ఆయనకి తెలియనిది కాదు. ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"ఇక రాయక్కర్లేదు నాన్నా. అంకె దిద్దాను. మూత దిగింది. ఆయన చేతిలోనే దిగింది."

ఆయన విన్నాడు. ఇంకో రెండు సార్లు రాసి, ఆకురాయి పక్కన పెట్టాడు. బొటనవేలితో అంచు ఆ కొసనుంచి ఈ కొసదాకా తడిమి, ఉఫ్ అని రజను ఊదాడు. మూతి వంకరగా ఉండటంతో ఆ గాలి సగం ఎటో పోయింది. డబ్బాని ఆమె చేతిలో పెట్టి, నాలుగేళ్ల కింద ఆ మధ్యాహ్నం ఊపినట్టే తల ఊపాడు. మాట లేదు గానీ అదే మాట.

ఈసారి ఆమె నమ్మి ఊరుకోలేదు. సంచిలోంచి వెర్నియర్ తీసి, అంచు కొలిచింది. ఎడమచేత్తో, కంటి అంచనాతో, కుర్చీలో కూర్చుని ఆయన రాసింది ముప్పావు మిల్లీమీటరు. ఇంకో చోట కొలిచింది, ముప్పావే. మూడో చోట కొలవబోతే కళ్ల నిండా నీళ్లొచ్చి అంకెలు కనపడలేదు.